పెద్దావు పోయింది, నెయ్యి ధర మాత్రం తగ్గదు

అందరికీ నమస్కారం. ఈసారి నెయ్యి ఆలస్యమైందని, ఫోన్ కూడా ఎత్తడం లేదని చాలామంది మెసేజ్‌లు పెట్టారు. విషయం ఏంటంటే, మా పెద్దావు పోయింది. డబ్బా మీద ఫొటోలో ఉండేది అదే. మేం దానికి పేరేమీ పెట్టలేదు, ఇంట్లో అందరం పెద్దావు అనే పిలిచేవాళ్లం.

రోగమేమీ కాదు, ముసలితనం. పళ్లు అరిగిపోయి వరిగడ్డి నమల్లేకపోతుంటే ఎండాకాలం నుంచీ తవుడు, చిట్టు నానబెట్టి పెడుతున్నాం. పోయిన వారం పడుకున్నది మళ్లీ లేవలేదు. అంత పెద్ద పశువు ఒకే పక్కన పడి ఉంటే కింది కాళ్లు చచ్చుబడతాయి, కడుపు ఉబ్బుతుంది, అందుకని రాత్రుళ్లు కూడా కొన్ని గంటలకోసారి నలుగురం పట్టి పక్క మార్చి, గడ్డిమూటలు ఆనించి కూర్చోబెట్టేవాళ్లం. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వచ్చింది. కాల్షియం ఎక్కించారు, నొప్పికి మెలాక్సికామ్ ఇచ్చారు (డైక్లోఫెనాక్ అనే ఇంకో నొప్పి మందు పశువులకు వాడకూడదని 2006లోనే నిషేధించారు, ఆ మందు పడిన కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై చచ్చిపోయాయి కాబట్టి). అరటిపండు తొక్కతో సహా లాక్కుని తినే ఆవు, చివరి రోజు వాసన చూసి ముఖం తిప్పుకుంది. చేలో జేసీబీతో లోతుగా గొయ్యి తీయించి ఉప్పు, సున్నం వేసి పూడ్చాం. అమ్మ పసుపు కుంకుమ పెట్టింది. నాన్న గొయ్యి దగ్గరికి రాలేదు, మిగతావాటికి మేత వేయాలన్నాడు.

మంచి ఆవేం కాదు, నిజం చెప్పాలంటే. పాలు పితకడానికి అమ్మ కూర్చుంటే తప్ప చేపేది కాదు, నేను కూర్చుంటే తన్నేది. కానీ ఇప్పుడు మా దగ్గర పాలిస్తున్న వాటిలో ఎక్కువ భాగం దాని బిడ్డలు, మనవరాళ్లే.

ఇక డబ్బు సంగతి. మీ నెయ్యి ఇంత ఖరీదేంటని అడిగినప్పుడల్లా కిలో నెయ్యికి పాతిక లీటర్లకు పైనే ఆవుపాలు పడతాయని చెబుతుంటాను. అది నిజమే, కానీ సగం లెక్కే. పెద్దావు వట్టిపోయి చాలా ఏళ్లయింది, అయినా రోజూ 5, 6 కిలోల ఎండుమేత, దానికి మూడు నాలుగింతలు పచ్చిమేత తినేది, ఆ ఖర్చు మీ డబ్బా ధరలోనే ఉంది. పెద్దావు పోయింది కాబట్టి ధర తగ్గిస్తారా అని ఒకరు అడిగారు, తప్పేం లేదు, న్యాయమైన ప్రశ్నే. తగ్గించను. దాని వెనకాల ఇంకో రెండు వట్టిపోతున్నాయి, వాటినీ సంతకు తోలం. ఆవుల వధ మీద చట్టం 1977 నుంచీ ఉంది, అయినా సంతలో ముసలావును ఎవరు కొంటారో, ఎక్కడికి తోలతారో మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అమ్ముకునే రైతును నేనేమీ అనను. పాల సేకరణ కేంద్రానికి పాలు పోసేవాడికి వెన్న శాతం చూసి డబ్బులిస్తారు, ముసలావు మేతకంటూ ఎవరూ పైసా ఎక్కువ ఇవ్వరు. నాకు మీరు ఇస్తున్నారు, తేడా అంతే.

మా ఆవుల్లాంటి ఒంగోలు జాతికి బ్రెజిల్‌లో అంత గిరాకీ ఉంది కదా అని కొందరు అంటుంటారు. అక్కడ నెలోర్ పేరుతో మాంసం కోసం పెంచుతారు, ఆ లెక్క వేరు. ఇక్కడ ఈ జాతిని నిలబెట్టింది అరకకు, బండికి కట్టే ఎద్దులు, ట్రాక్టర్లు వచ్చాక కోడెదూడ పుడితే బండలాగుడు పందేలవాళ్లు తప్ప పలకరించేవాళ్లు లేరు.

విషయం తెలిసి కొందరు డబ్బులు పంపిస్తామన్నారు. వద్దండీ, నెయ్యి కొనండి చాలు. బయట పాలు కొని ఈ నెల కొరత తీర్చమని కూడా ఒకరిద్దరు అన్నారు, అదీ చేయను. ముందు ఆర్డర్ పెట్టినవాళ్లకు అరకిలో చొప్పున శుక్రవారం పంపిస్తాం, మిగతాది వచ్చే నెల. ఆగలేమనుకునేవాళ్లు మెసేజ్ పెడితే డబ్బు వాపసు వేస్తాను, మొహమాటపడొద్దు.