బెడ్‌షీట్‌కు ఒక రూపాయి ఎందుకు పెంచుతున్నామంటే

హనుమకొండలోని మా స్టీమ్ లాండ్రీకి బట్టలు పంపే నర్సింగ్ హోంలకు, లాడ్జీలకు, ఫంక్షన్ హాళ్లకు నమస్కారం.

గత నెలలో మూడు రోజులు మీ బట్టలు ఆలస్యంగా అందాయి. ఫోన్ చేసిన వారికి బాయిలర్ రిపేరులో ఉందని చెప్పించాను. అది నిజం కాదు, క్షమించండి. బాయిలర్ బాగానే ఉంది. దాన్ని నడిపే ఆపరేటర్ పెద్దపల్లి వైపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో ఉద్యోగం మాట్లాడుకోవడానికి వెళ్లారు. అక్కడ 22,000 రూపాయల జీతం, ఉండడానికి గది ఇస్తామన్నారు. నేను ఇస్తున్నది 16,000.

ఆ మూడు రోజులు హెల్పర్ తాను నడుపుతానన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చినా, సర్టిఫికెట్ ఉన్న మనిషి చేతిలోనే బాయిలర్ ఉండాలన్న నియమం మారలేదు. ఆ నియమం ఎందుకుందో నేను రోజూ కళ్లారా చూస్తున్నాను. తెల్లవారుజామున ఐదింటికి ఆపరేటర్ మొదట చేసే పని, బాయిలర్ లోపలి నీటి మట్టం చూపే గేజ్ గ్లాస్ కింది కాక్ (చిన్న కుళాయి) తిప్పి నీళ్లు వదలడం. గాజు గొట్టంలో నీటి మట్టం ఒక్కసారిగా పడిపోయి, కాక్ కట్టగానే మళ్లీ గబుక్కున పైకి రావాలి. నెమ్మదిగా వచ్చిందంటే దారిలో సున్నపు పెచ్చు పేరుకుందని, గొట్టం చూపే మట్టాన్ని నమ్మకూడదని అర్థం. మన బోరు నీళ్లలో ఆ సున్నం ఎక్కువ. లోపల నీరు తగ్గి ట్యూబులు ఎర్రగా కాలిన సమయంలో, తెలియనివాడు కంగారుపడి పంపు వేస్తే బాయిలర్ పేలిపోవచ్చు. పొయ్యి తలుపు తీసి కట్టెలు వేసే ఆయన కుడి ముంజేతి మీద పాత కాలిన మచ్చలు వరుసగా ఉంటాయి.

ఆయన తిరిగి వచ్చాక కూర్చుని లెక్క వేసుకున్నాం. ఆయన అనుమతితోనే, పేరు లేకుండా, ఆ లెక్క ఇక్కడ రాస్తున్నాను. 16,000లో పీఎఫ్‌కు 1,800, ఉద్యోగుల వైద్య బీమా ఈఎస్ఐకి 120, వృత్తి పన్నుకు 150 పోగా చేతికి వచ్చేది 13,930. ఇంటి కిరాయి 4,500, ఇద్దరు పిల్లల బడి ఫీజులు, ఆటో కలిపి 3,200, పాలు, కూరగాయలు, కిరాణాకు 6,000, బండి పెట్రోలుకు 1,200. అప్పటికే 14,900 అయింది. రేషన్ కార్డు మీద తలకు ఆరు కిలోల సన్నబియ్యం వస్తున్నాయి కాబట్టి బియ్యం ఖర్చు ఇందులో లేదు, 200 యూనిట్ల లోపే కాబట్టి కరెంటు బిల్లూ లేదు. అయినా నెలకు వెయ్యి తక్కువే. ఓవర్‌టైం డబ్బులతో ఆ లోటు పూడేది, కానీ పెళ్లికో జ్వరానికో డబ్బు కావలసి వచ్చినప్పుడు నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చుకునేవారు. ఆ మిత్తి సంగతి నాకు అంతకుముందు తెలియదు.

ఇంకొక తప్పు కూడా ఒప్పుకోవాలి. చట్టం పెట్టిన పని గంటలు దాటి చేసిన పనికి రెట్టింపు ఇవ్వాలి. రెండేళ్లుగా నేను మామూలు లెక్కనే ఇచ్చాను. ఆ బాకీని ఆరు వాయిదాలలో తీరుస్తున్నాను. దాని భారం మీ మీద పడదు.

మిల్లు ఇస్తామన్న 22,000 నేనూ ఇవ్వడానికి సిద్ధపడ్డాను. ఆయనే వద్దన్నారు. "సార్, ఇరవై ఒక్క వేలు దాటితే ఈఎస్ఐ పోతది. అమ్మ మందులు బయట కొనాలె" అన్నారు. ఆయన తల్లికి షుగర్, బీపీ ఉన్నాయి. ఈఎస్ఐ పరిమితి నెలకు 21,000. ఓవర్‌టైం ఆ పరిమితి లెక్కలోకి రాదు. అందుకని జీతం 20,500గా, అదనపు గంటలకు రెట్టింపుగా ఖాయం చేసుకున్నాం. ఇకనుంచి కోతలు పోగా, ఓవర్‌టైం కాకుండానే 18,346 ఆయన చేతికి వస్తుంది. వారానికి ఒకరోజు ఆయనకు సెలవు ఇచ్చి, ఆ రోజు సర్టిఫికెట్ ఉన్న మరొకరిని 900 రూపాయల కూలికి పిలుస్తున్నాం.

వీటన్నిటికీ నెలకు దాదాపు 12,000 అదనంగా అవుతుంది. నెలకు సుమారు 7,800 బెడ్‌షీట్లు ఉతుకుతాం కాబట్టి, వచ్చే నెల 1వ తేదీ నుంచి ఒక్కో బెడ్‌షీట్ ధరను 14 నుంచి 15 రూపాయలకు పెంచుతున్నాను. మిగిలిన నాలుగు వేల పైచిలుకు నేనే భరిస్తాను. దిండు గలీబులు, టవళ్లు, ఆపరేషన్ థియేటర్ బట్టల ధరలు మారవు. ఈ నెలలో ఇప్పటికే ఇచ్చిన ఆర్డర్లకు, అవి వచ్చే నెలలో డెలివరీ అయినా సరే, పాత ధరనే బిల్లు వేస్తాం.