అయోవా పొలం కాగితాలు చదివి పెద్దమ్మాయికి రాసిన ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి పెద్దమ్మాయిని అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

"మామయ్యగారు ఈ వయసులో ఇంకా కంబైను (పంట కోత యంత్రం) ఎక్కడం ఎందుకు? ఎకరం పదకొండు వేల డాలర్లు పలుకుతోంది కదా, అమ్మేసి హాయిగా కూర్చోవచ్చు" అని మొన్న ఫోనులో నువ్వన్న మాటకు అప్పుడు నేను బదులు చెప్పలేదు. వియ్యంకుడుగారు అలమారలో నుంచి తీసి ఇచ్చిన పొలం కాగితాలు పూర్తిగా చదివాక చెబుదామని ఆగాను. తెనాలి రిజిస్ట్రారాఫీసులో పనిచేసినదాన్ని, దస్తావేజు కనబడితే చదవకుండా ఉండలేనని నీకు తెలుసు.

అమెరికాలోని ఈ అయోవా రాష్ట్రంలో టైటిల్ ఇన్సూరెన్సు, అంటే భూమి హక్కులో లోపం బయటపడితే నష్టం కట్టే బీమా, అమ్మడాన్ని 1947లోనే చట్టం నిషేధించింది. అందువల్ల ఇక్కడ భూములకు అబ్‌స్ట్రాక్ట్ అనే కాగితాల కట్ట ఇప్పటికీ ఉంటుంది. మన ఈసీ, లింకు డాక్యుమెంట్లు, వారసుల వివరాలు అన్నీ వరుసగా ఒకేచోట కుట్టి ఉంచితే ఎలా ఉంటుందో అది అలా ఉంది. దాని మొదటి పుట ప్రకారం కొసూత్ కౌంటీలోని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఈ నేల 1850 నాటి చట్టం కింద చిత్తడి భూమిగా కేంద్ర ప్రభుత్వం నుంచి రాష్ట్రానికి, రాష్ట్రం నుంచి కౌంటీకి, అక్కడినుంచి ఒక భూముల కంపెనీకి చేరింది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం వల్ల అందరికీ 160 ఎకరాలు ఉచితంగా దొరికాయని మనం అనుకుంటాం కానీ, అయోవాలో ఎక్కువ భూమి డబ్బిచ్చి కొనుక్కున్నదే. జర్మనీ ఉత్తర తీరంలోని ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్ నుంచి వచ్చిన అల్లుడుగారి ముత్తాత తండ్రి కూడా 1894లో ఈ క్వార్టర్ సెక్షనును, అంటే 160 ఎకరాల చెక్కను, తాకట్టు మీదే కొన్నాడు.

ఆయన కొన్నది సగం నీళ్లే. హిమనదం కరిగిపోతూ మిగిల్చిన గుంటలలో వేసవి దాకా నీరు నిలిచేదట. మూడు నాలుగు అడుగుల లోతున పారలతో కాలువలు తవ్వి, కాల్చిన మట్టి గొట్టాలు వరుసగా పేర్చి, ఆ నీటిని డ్రెయినేజి కాలువలోకి దింపితే గానీ మొక్కజొన్న పండలేదు. ఆ గొట్టాలను ఇక్కడ టైల్ అంటారు. ఈ నల్లరేగడి లాంటి నేలలో నేడు ఎకరానికి రెండు వందల బుషెల్‌లు, అంటే మన లెక్కన యాభై క్వింటాళ్లు పండుతున్నాయంటే, కంటికి కనబడని ఆ గొట్టాలే సగం కారణమని నా అభిప్రాయం. దున్నే భూమి కింద అంత ఖర్చు పాతిపెట్టడం మన వైపు నేనెన్నడూ చూడలేదు.

నేను నీకు చెప్పదలచిన సంగతి తరువాతి పుటలలో ఉంది. మీ తాతగారి తొమ్మిదెకరాలు భాగపరిష్కారంలో నలుగురు అన్నదమ్ములకు తలా రెండుంపావు అయిన సంగతి నీకు తెలుసు. ఇక్కడ అలా ముక్కలు చేయలేదు. ప్రతి తరంలోనూ ఒక్కరు నిలబడి, తోబుట్టువుల వాటాలను అప్పు చేసి కొన్నారు. పొలం వారసత్వంగా వచ్చిందని ఊళ్లో అంటారు గానీ, కాగితాలు చూస్తే ఆ ఇంటివారు అదే నేలను తమవాళ్ల దగ్గరే మళ్లీ మళ్లీ కొన్నారని తెలుస్తుంది.

ఆ కొనుగోళ్లు జరిగిన సమయాలు చూడు. అల్లుడుగారి ముత్తాతగారు 1919లో, మొదటి ప్రపంచ యుద్ధం తెచ్చిన ధరల పొంగులో, తన తమ్ముళ్ల వాటాలు కొన్నారు. (ఆ ముందటి ఏడాదే అయోవా గవర్నర్ హార్డింగ్ బహిరంగంగానే కాదు, టెలిఫోనులో కూడా ఇంగ్లీషు తప్ప మరో భాష మాట్లాడరాదని ప్రకటన చేశాడు. ఇంట్లో జర్మన్ మాట్లాడుకునే ఆ దంపతులు ఎలా నెట్టుకొచ్చారో!) మొక్కజొన్న 1932లో బుషెల్ పది పన్నెండు సెంట్లకు పడిపోయింది. కట్టెల కన్నా అదే చవకని జనం పొయ్యిలో మొక్కజొన్న కండెలు కాల్చుకున్నారు. తాకట్టు తీర్చలేక పొలం, అప్పిచ్చిన ఒక బీమా కంపెనీ పేరు మీదకు మారిపోయింది. ఆ కుటుంబం ఇల్లు వదలకుండా, తమ పొలానికే కౌలుదారులుగా పదేళ్లకు పైగా సాగుచేసి, 1944లో తిరిగి కొనుక్కుంది.

వియ్యంకుడుగారి వంతు 1979. పక్కనున్న ఎనభై ఎకరాలు ఆయన అప్పుతో కొన్నారు. బ్యాంకుల ప్రైమ్ రేటు, అంటే నమ్మకమైన ఖాతాదారులకు వేసే వడ్డీ, 1980 డిసెంబరులో 21.5 శాతం అయింది. అయోవా భూమి సగటు ధర ఎకరానికి 1981లో 2,147 డాలర్లు, 1986 నాటికి 787. ఆయన ఆ ఎనభై ఎకరాలను అమ్మినవారికే తిరిగి రాసిచ్చి, పందుల మందను అమ్ముకుని, పాత క్వార్టరును మాత్రం నిలుపుకున్నారు. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు, ఎకరాలు, శాతాలు మాత్రమే ఉన్నాయి. వియ్యపురాలు మాత్రం మధ్యలో లేచి టీ పెట్టారు. కప్పులో పటికబెల్లం ముక్క వేసి వేడి టీ పోస్తే అది చిటపటమంటుంది. పైన మీగడ వేసి, కలపకుండా తాగాలట. తరువాత 2003లో తన చెల్లెలి వాటా కొన్న అప్పు ఆయనకు మొన్న మొన్ననే తీరింది.

కాబట్టి ఆయన అమ్ముతారా లేదా అన్నది మీ ఇద్దరి ముందున్న అసలు ప్రశ్న కాదు. అల్లుడుగారు మీ ఆడపడుచు వాటాను కొంటారా, ఎంత ధరకు కొంటారు, నగరంలో ఉద్యోగం చేసుకుంటూ పొలాన్ని ఎవరికి కౌలుకిస్తారు అన్నవి మీరు తేల్చుకోవాలి. ఆ ధర మార్కెట్‌ది అయితే పండే పంట వడ్డీకి కూడా చాలదు, తక్కువదైతే ఆమెకు అన్యాయం. మీరు వద్దనుకున్నా తప్పులేదు. అయితే ఆ మాట ఆయన ఆరోగ్యంగా ఉండగానే, మీ ఆడపడుచు ఎదుటే చెప్పండి. మర్యాద పేరిట నాన్చవద్దు.

ఇంకొక పని కూడా ఉంది. పాత టైల్ వరుసలు ఎటు పోతాయో ఏ కాగితంలోనూ పూర్తిగా లేదు. జూన్‌లో ఎక్కడ పైరు పసుపుపచ్చగా మారితే ఎక్కడ గొట్టం విరిగిందో ఆయనే నడిచి చూపిస్తారు. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగకు మీరు వచ్చేటప్పుడు కౌంటీ ఆఫీసు నుంచి పొలం పెద్ద పటం ఒకటి తెచ్చి, నేల గడ్డకట్టకముందే ఆయనతో నడిచి వాటిని గీయించుకోండి. అల్లుడుగారికి నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ