‘పేపర్ల పడ్డది’ అన్న మాటకు పూచీ ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

శాసనసభ ఎన్నికల ప్రచారం ముగిసిన 2023 నవంబరు 28 రాత్రి, పరకాల దగ్గరి మా ఊరి నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసి, “బిడ్డా, రెండెకరాలున్నోళ్లకు పింఛన్ బందు పెడ్తరట గదా, పేపర్ల పడ్డదట” అని ఏడుపు గొంతుతో అడిగింది. నెలనెలా వచ్చే 2,016 రూపాయల ఆసరా పింఛనుతోనే ఆమె బీపీ గోళీలు, చేతి ఖర్చులు గడవాలి. ఆ సంగతి ఏదో పార్టీ మనిషి చెప్పి ఉంటే ఆమె పట్టించుకునేది కాదు. ఎన్నికల ముందు చెప్పే మాటలకు ఎంత విలువ ఇవ్వాలో ఆమెకు మా అందరికన్నా బాగా తెలుసు. పేపర్లో వచ్చిందని విన్నందుకే ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు.

మరునాడు పొద్దున్నే హన్మకొండలో బస్సెక్కి ఊరికి వెళ్లాను. ఆ ‘వార్త’ ఫోన్లలో తిరగడమే కాక, ఎవరో జిరాక్స్ తీసి చాయ్ హోటల్ గోడకు కూడా అంటించారు. మూడు కాలమ్‌ల కటింగు. పైన మీ పత్రిక పేరు, కింద హన్మకొండ ప్రతినిధి రాసినట్టుగా ఒక పంక్తి, అంచులు చేత్తో చింపినట్టు వంకరటింకరగా ఉన్నాయి. ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పిన నేనే మొదట నమ్మబోయాను. రెండోసారి చదివినప్పుడు తేదీ దగ్గర కన్ను ఆగింది. ‘నవంబరు 27, మంగళవారం’ అని ఉంది. ఆ రోజు సోమవారం. శీర్షికలోని అక్షరాలు మీ పత్రిక అక్షరాల వంటివి కావు, వత్తులు పక్క అక్షరం మీద ఎక్కి కూర్చున్నాయి. అయినా ఇదంతా చెబితే హోటల్‌లో ఉన్నవాళ్లు ఒప్పుకోలేదు. పక్కనున్న కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టడానికి పెట్టుకున్న పాత పేపర్ల కట్ట విప్పి, అదృష్టం కొద్దీ చిరగకుండా ఉన్న 27వ తేదీ సంచిక తీసి, జిల్లా పేజీలతో సహా ఒక్కొక్క పేజీ బల్ల మీద పరిచి చూపించిన తర్వాత గాని హోటల్ యజమాని ఆ కాగితం పీకలేదు. గోడ మీది కాగితం పోయింది గాని ఫోన్లలోది పోలేదు. నేను కుటుంబ గ్రూపులో పెట్టిన వివరణను ఆ గ్రూపు దాటించినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

మళ్లీ అదే రాతను మొన్నటి సర్పంచ్ ఎన్నికలప్పుడు చూశాను. వాక్యాలు అవే, పార్టీ మాత్రం మారింది. మొదటిసారి ఏ పార్టీ మీద పింఛన్ ఆపేస్తుందన్న నింద వేశారో, ఈసారి దాని ప్రత్యర్థి మీద వేశారు. అందువల్ల ఇది ఒక పక్షం తప్పని నేను అనను. పైగా తయారు చేసినవాళ్లు నేర్చుకున్నారు: ఈసారి తేదీ, వారం రెండూ సరిగ్గా కుదిరాయి, అక్షరాలు కూడా నిజమైనవాటికి చాలా దగ్గరగా ఉన్నాయి. ఆ తేదీ జిల్లా పేజీ చూద్దామని మీ ఈ-పేపర్ తెరిస్తే, అన్ని రోజుల వెనకటి జిల్లా పేజీలు అందులో దొరకలేదు. కిరాణా దుకాణంలోనూ ఆ సంచిక లేదు. అది అబద్ధమని నాకు తెలిసి కూడా నిరూపించలేకపోయాను. ఈ లేఖ రాయడానికి కారణం ఆ నిస్సహాయతే.

సామాజిక మాధ్యమాల్లో వచ్చేదాన్ని సరిచూసుకోండి అని అందరూ హితవు చెబుతారు. సరిచూసుకోవడానికి అసలు ప్రతి ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. 2024 లోక్‌సభ ఎన్నికల వేళ జరిగినదాన్ని గుర్తు చేస్తాను. అంతకు ఏడాది ముందు, 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో కేంద్ర హోంమంత్రి చేసిన ప్రసంగాన్ని కత్తిరించి అతికించి, ఎస్సీ, ఎస్టీ, బీసీల రిజర్వేషన్లు తీసేస్తామని ఆయన అన్నట్టుగా ఒక వీడియో తిప్పారు. ఆయన ఆ సభలో రద్దు చేస్తామన్నది ముస్లింల రిజర్వేషన్‌ను. ఆ మాటతో ఏకీభవించడం, విభేదించడం వేరే సంగతి. అనని మాటను అన్నట్టు చూపడం వేరు. ఆ వీడియో కల్పితమని కొద్ది రోజుల్లోనే తేలడానికి కారణం, పూర్తి ప్రసంగం తేదీతో సహా అందరికీ అందుబాటులో ఉండడమే. అభ్యర్థి ఆస్తుల మీద, కేసుల మీద పుకారు వస్తే ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో అతని ఫారం 26 అఫిడవిట్ తీసి చూసుకోవచ్చు. మండల స్థాయి వార్తకు మాత్రం అటువంటి మూలప్రతి సామాన్యుడికి దొరకదు. అబద్ధాలు అల్లేవాళ్లు జిల్లా పేజీనే ఎంచుకోవడంలో ఆశ్చర్యం లేదు.

వాట్సాప్ తనవైపు నుంచి కొంత చేసింది. ఐదు చేతులు, అంతకు మించి మారి వచ్చిన సందేశానికి రెండు బాణాల గుర్తు పెట్టి, దాన్ని ఒకసారికి ఒకే చోటికి పంపేలా 2020 ఏప్రిల్ నుంచి కట్టడి చేసింది. కానీ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి కొత్తగా పంపితే ఆ గుర్తు ఉండదు. మా ఊళ్లో పిల్లలకు కూడా తెలిసిన కిటుకు ఇది. అంతకన్నా పెద్ద చిక్కు ఏమిటంటే, మనవాళ్లు సందేశాన్ని తూచేది దాన్ని తయారు చేసినవాణ్ని బట్టి కాదు, పంపినవాణ్ని బట్టి. మేనల్లుడు పంపాడు, సారు పంపాడు, వాళ్లు అబద్ధం చెప్పరు అనుకుంటారు. వాళ్లు అబద్ధం చెప్పరన్న మాట నిజమే. వాళ్లూ ఇంకొకరిని నమ్మి పంపినవాళ్లే.

ప్రభుత్వమే నిజానిజాలు తేల్చాలని కొందరు మిత్రులు అంటారు. నేను ఒప్పుకోను. కేంద్ర ప్రభుత్వం తన వ్యవహారాలపై వచ్చే సమాచారంలో ఏది తప్పో తానే నిర్ణయించేలా 2023లో ఐటీ నిబంధనలు సవరించినప్పుడు, బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో వాటిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. తన మీది ఫిర్యాదుకు తానే తీర్పరి కావడం ఏ ప్రభుత్వానికీ తగదు. కేసులు పెట్టి భయపెట్టడం వల్ల కూడా దొరికేది ముందుకు పంపిన అమాయకుడే తప్ప, కూర్చుని దాన్ని తయారు చేసినవాడు కాదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపినవారిని శిక్షించడానికి ఐటీ చట్టంలో పెట్టిన 66ఏ సెక్షన్ ఎలా దుర్వినియోగమైందో, 2015 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని ఎందుకు కొట్టివేయవలసి వచ్చిందో మరచిపోకూడదు.

అందుకే ఈ విన్నపం మీకు చేస్తున్నాను. ఇనుగుర్తి వంటి పల్లె నుంచి ఒద్దిరాజు సోదరులు 1922లోనే ‘తెనుగు’ పత్రిక నడిపిన నేల ఇది. అచ్చయిన మాట మీద ఇక్కడి మనుషులకు ఉన్న నమ్మకం తరతరాల పాత్రికేయులు సంపాదించి పెట్టింది. ఆ నమ్మకాన్నే ఇప్పుడు దొంగిలిస్తున్నారు, అదీ మీ పేరు పెట్టుకుని. దయచేసి మీ జిల్లా పేజీలన్నింటినీ, కనీసం గత ఐదేళ్లవి, తేదీ కొడితే చందా లేకుండా చూసుకునేలా శాశ్వతంగా ఉంచండి. ప్రతి వార్త చివర ఒక చిన్న సంఖ్య వేసి, ఆ సంఖ్య కొడితే అసలు వార్త తెరుచుకునే ఏర్పాటు చేస్తే ఇంకా మేలు. సంఖ్య లేని కటింగు నమ్మవద్దని మా చిన్నమ్మకు కూడా ఒక్క మాటలో చెప్పగలను. ఖర్చు అవుతుందని తెలుసు. పేజీలు ఎలాగూ కంప్యూటర్‌లోనే తయారవుతున్నాయి గనుక, దాచి ఉంచడం మోయలేని భారం కాదని నా నమ్మకం.

మీ పేరుతో పుట్టిన నకిలీ కటింగు మీ దృష్టికి వచ్చినప్పుడు, హైదరాబాద్ సంచికలో ఏ మూలో చిన్న ఖండన వేసి ఊరుకోకుండా, అది ఏ జిల్లాలో తిరిగిందో ఆ జిల్లా పేజీలో, నకిలీని, ఆనాటి అసలు పేజీని పక్కపక్కన అచ్చు వేయాలి. నేను ఆ రోజు కిరాణా దుకాణం బల్ల మీద చేసింది అదే. మాటలతో ఎంత చెప్పినా కదలనివాళ్లు రెండు కాగితాలు చూసి కదిలారు. పోలింగ్‌కు ముందు రెండు రోజులు ఈ పనిని ఏ రోజుకారోజు చేయాలి, ఎందుకంటే ప్రచారం ఆగిన ఆ గంటల్లోనే ఇవి ఎక్కువగా తిరుగుతున్నాయి, జవాబు చెప్పే వ్యవధి ఎవరికీ ఉండదు.

ఫోన్ లేనివారి కోసం గ్రంథాలయాలను కూడా కలుపుకోవాలని మనవి. హన్మకొండలో 1904 నుంచి ఉన్న శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వంటి చోట, జిల్లా కేంద్ర గ్రంథాలయంలో, మండలాల్లోని శాఖల్లో మీ జిల్లా సంచిక ప్రతులను బైండు చేసి ఉంచగలిగితే, ఏదైనా కటింగు పట్టుకుని వచ్చిన మనిషికి చూపించడానికి మావంటి విశ్రాంత ఉపాధ్యాయులం వంతులవారీగా కూర్చోవడానికి సిద్ధంగా ఉన్నాం. ఇప్పటికి నలుగురం ఒప్పుకున్నాం.

చాయ్ హోటల్ గోడ మీది ఆ జిరాక్స్ ప్రతిని, సర్పంచ్ ఎన్నికల నాటి రెండో కటింగును ఈ లేఖకు జతచేస్తున్నాను. మొదటిదాని అసలు సంచిక నా దగ్గర భద్రంగా ఉంది. రెండోదాని తేదీన మీ జిల్లా పేజీలో ఏముందో మీరే చూసి ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హన్మకొండ.