పాలపిట్టను పంజరంలో చూపించకండి

తల్లిదండ్రులకు నమస్కారం.

ప్రోగ్రెస్ కార్డులు పిల్లల చేతికిచ్చి పంపాం. సంతకం పెట్టి దసరా సెలవులయ్యాక పంపండి. ఇక అసలు సంగతి.

మొన్న నాలుగో తరగతి పాప ఒకతె నా గదికొచ్చి, "మేడం, పోయిన దసరాకు మేం చూసిన పాలపిట్ట ఎందుకు ఎగరలేదు?" అని అడిగింది. దసరా రోజు పాలపిట్టను చూస్తే మంచిదని వాళ్ల నాన్న ఇరవై రూపాయలిచ్చి పంజరంలో చూపించారట. ఆయన్ను తప్పుపట్టలేను. కొన్నేళ్ల కిందట జమ్మి పూజ అయ్యాక గుడి దగ్గర నేనూ అలాగే డబ్బులిచ్చి దండం పెట్టుకున్నాను.

ఆ పిట్టలను పండుగకు ముందే వల వేసి పడతారు. కాళ్లు కట్టేస్తారు, ఒక్కోసారి రెక్కలూ కత్తిరిస్తారు. మిడతలు, పురుగులు తిని బతికే పక్షి ముందు బియ్యం గింజలు పోస్తే ఏం తింటుంది? పండుగయ్యాక వదిలేసినా ఎగిరే ఓపిక ఉండదు. అది మన తెలంగాణ రాష్ట్ర పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడమే నేరం. రామచిలుకకూ ఇదే చట్టం వర్తిస్తుంది (మన పిల్లల ఇళ్లలో రెండు మూడు పంజరాలున్నాయని విన్నాను, ఆ మాట విడిగా మాట్లాడుకుందాం).

ఇంకో సంగతి. వాలి ఉన్న పాలపిట్ట గోధుమరంగులో సాదాగానే ఉంటుంది. మెరిసే నీలం చాలావరకు రెక్కల్లో, తోకలో ఉంటుంది, అవి విప్పినప్పుడే బాగా కనిపిస్తుంది. అరణ్యవాసం ముగించుకొని వస్తున్న పాండవులకు పాలపిట్ట కనిపించిందని పెద్దలు చెబుతారు గానీ, పంజరంలో కనిపించిందని ఎవరూ చెప్పలేదు.

మన చిన్నప్పుడు ముక్కుకు తాడు కట్టిన ఎలుగుబంటిని వీధుల్లో ఆడించేవాళ్లు. మనం చప్పట్లు కొట్టేవాళ్లం. ఇప్పటి పిల్లలకు ఆ ఆట తెలియనే తెలియదు.

ఈసారి పొద్దున్నే పిల్లలను పొలాల వైపో చెరువు కట్ట మీదికో తీసుకెళ్లండి. కరెంటు తీగల మీద, మోడుబారిన తాటిచెట్ల మీద చూడమనండి. కనపడకపోతే మా అమ్మ ఆకాశానికే దండం పెట్టి ఇంటికొచ్చేది. పంజరాలు పట్టుకొచ్చేవాళ్లతో గొడవపడకండి, వాళ్లూ పూట గడవక వచ్చినవాళ్లే. అటవీ శాఖకు ఫోన్ చేస్తే చాలు.

అక్టోబర్ 4 ప్రపంచ జంతు దినోత్సవం. దాని పేరు మీద పిల్లలకు ఒక చిన్న పని ఇచ్చాం: పాలపిట్ట ఎక్కడ కనిపించిందో, అప్పుడేం చేస్తోందో ఒక కాగితం మీద రాసి తేవాలి. చూడనివాళ్లు "కనపడలేదు" అని రాస్తే సరిపోతుంది. దీనికి మార్కులు లేవు, దయచేసి మీరు రాసిపెట్టకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు