దయ్యాల దారి చూపే అమ్మాయికి

విజయవాడ, వన్‌టౌన్
కార్తీక పౌర్ణమి మర్నాడు

చిరంజీవి అమ్ములుకు నాన్న ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

మొన్న ఫోనులో నువ్వు చెప్పిన కబురు విన్నప్పటి నుంచి మీ అమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు. పీహెచ్‌డీ చేయమని ఎడిన్‌బరో పంపిస్తే, పిల్ల నల్ల అంగీ తొడుక్కుని, దయ్యాల కథలు చెబుతూ రాత్రిపూట ఊరివాళ్లను శ్మశానం చుట్టూ తిప్పే పనికి కుదురుకుందట! పైగా నేరం నాదే. “పోయిన వేసవిలో అక్కడికి వెళ్లినప్పుడు ఆ దయ్యాల నడకకు టిక్కెట్లు కొనమన్నది మీరు కాదా?” అంటోంది. చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదని వీసా నిబంధన ఉందనీ, నువ్వు తిరిగేది ఆ కాస్త సేపేననీ నచ్చజెప్పాను. “దయ్యం పట్టడానికి 20 గంటలు చాలవా?” అంది. దానికి నా దగ్గర సమాధానం లేకపోయింది.

నాకు మాత్రం ఈ పని నచ్చింది. కథ చెప్పి నాలుగు డబ్బులు సంపాదించుకోవడం గౌరవమైన పనే. మన సత్యనారాయణపురం రామాలయంలో హరికథ చెప్పిన దాసుగారి కాళ్లకు మీ తాతయ్య దండం పెట్టేవాడు. అయితే ఆ కథ ఎలా చెప్పాలన్నదాని మీద నాకు కొన్ని అభిప్రాయాలు ఉన్నాయి. ఫోనులో మొదలుపెడితే నువ్వు “సరే నాన్నా, సరే నాన్నా” అంటావు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

మనం వెళ్లిన రోజు గుర్తుందా? జూన్ నెల. రాత్రి తొమ్మిదిన్నరకు కూడా ఆకాశం తెల్లగానే ఉంది. మన మధ్యాహ్నపు షోకు వచ్చినట్టు జనం కళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డారు. ఆ వెలుతురులో దయ్యం కథ మొదలుపెట్టడానికి ఆ గైడు కుర్రాడు ఎంత అవస్థ పడ్డాడో పాపం. గ్రేఫ్రయర్స్ శ్మశానంలో కొన్ని సమాధుల మీద ఇనుప పంజరాలు చూసి, లోపలివాళ్లు లేచి రాకుండా బిగించారేమోనని మీ అమ్మ నా చెవిలో అడిగింది. కాదట, బయటివాళ్లు శవాన్ని తవ్వి ఎత్తుకుపోకుండానట. వైద్య విద్యార్థులకు కోసి చూపించడానికి శవాలు దొరక్క, దొంగతనంగా తవ్వి తెచ్చి అమ్మే కాలం అది. ఆ పంజరాల దగ్గర అతను ఇంకాసేపు ఉంటాడనుకున్నాను. రెండు ముక్కల్లో తేల్చేసి ముందుకు నడిచాడు.

ఎందుకంటే అతని గురి అంతా ఆ చివరనున్న గోపురం సమాధి మీద ఉంది. 1679లో మతం విషయంలో రాజు మాట వినని కవెనంటర్లను వెయ్యి మందికి పైగా ఆ పక్కనే ఆరుబయట నెలల తరబడి నిర్బంధించారనీ, వాళ్ల మీద కేసులు నడిపిన జార్జ్ మెకెంజీనీ 1691లో ఆ కూతవేటులోనే పూడ్చారనీ చెప్పాడు. హింసించినవాడూ హింస పడ్డవాళ్లూ ఒకే ప్రహరీ లోపల! మంచి హరిదాసు చేతికి ఈ ముక్క దొరికితే గంట సేపు నిలబెట్టి ఏడిపిస్తాడు. మన కుర్రాడు ఏం చేశాడు? గొంతు తగ్గించాడు, దీపం ఆర్పాడు, గోడ వెనక నుంచి ముసుగు వేసుకున్న ఇంకొకడు “హా!” అని మీదికి దూకాడు. అందరూ కేక పెట్టారు, ఆ వెంటనే అందరూ నవ్వారు. మీ అమ్మ నా చొక్కా గుండీ తెంపింది. కథ అక్కడితో చచ్చిపోయింది. ఆ తరవాత అతనేం చెప్పినా జనం గోడల వెనక చూస్తున్నారే కానీ అతని మాట వినలేదు.

నువ్వు అలా దూకించకు. మీ యజమాని దూకించమంటే ఆఖర్లో ఒక్కసారి కానివ్వు, జీతం ఇచ్చేవాడు కదా.

నేను ఉద్యోగం చేసినంత కాలం గూడ్సు బండి చివర బ్రేకు వ్యానులో ఒంటరిగా రాత్రుళ్లు గడిపినవాణ్ణి. డోర్నకల్ వైపు ఔటరులో బండి ఆపేస్తే, ముందు ఇంజను ఎక్కడుందో కూడా తెలియదు. చేతిలో దీపం, చుట్టూ చీకటి. రన్నింగు రూములో డ్రైవర్లు చెప్పుకునే దయ్యం ఒకటి ఉండేది. తెల్లచీర, చేతిలో ఎర్రదీపం, బండి ఆపి దగ్గరికి వెళితే ఎవరూ ఉండరు. కాజీపేటవాళ్లు అది మహబూబాబాద్ దగ్గరంటారు, గూడూరువాళ్లు ఒంగోలు దాటాక అంటారు, భీమవరం లైనువాళ్లు కాలువ వంతెన దగ్గరంటారు. మాకు లాగే దానికీ బదిలీలు అయ్యేవన్నమాట! అయినా ఆ కథను ప్రతిసారీ నోరు తెరుచుకుని వినేవాళ్లం. ఎందుకంటే చెప్పేవాడు దయ్యం దగ్గరకు రావడానికి ముందు ఆ రాత్రి బండికి ఎన్ని వ్యాగన్లో, లోపల బొగ్గో సిమెంటో, ఏ సిగ్నలు దగ్గర ఎంతసేపు ఆపారో అన్నీ చెప్పేవాడు. సగం కథ అయ్యేసరికి మేమంతా ఆ బండిలోనే ఉండేవాళ్లం. భయం దానంతట అదే వచ్చేది.

ఆ లెక్కన మీ ఊళ్లో నీకు కావలసినంత సరుకు ఉంది. సౌత్ బ్రిడ్జి కింద గదులే చూడు. రైల్వేవాణ్ణి, వంతెనను చూస్తే గుర్తుపట్టగలనని నా గర్వం. ఆ రోడ్డు మీద అటూ ఇటూ నడిచి కూడా అది వంతెనని నాకు తట్టలేదు. 19 కమానుల్లో బయటికి కనిపించేది ఒక్కటే, మిగతావన్నీ ఇళ్ల మధ్య కప్పబడిపోయాయి. 1788లో తెరిచారు. కమానుల కింద గదుల్లో మొదట చెప్పులు కుట్టేవాళ్లూ, సారా అమ్మేవాళ్లూ ఉండేవారు. పైనుంచి నీళ్లు కారుతుంటే వాళ్లు ఖాళీ చేశారు, గతిలేనివాళ్లు వచ్చి కాపురం పెట్టారు. కిటికీ లేని రాతిగది, పైన బగ్గీల చప్పుడు, గోడల వెంట చెమ్మ. అందులో పిల్లలను కని పెంచారమ్మా. ఇంతకంటే దయ్యమేం కావాలి?

రిచర్డ్ వైజ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 2001లో అక్కడే చేసిన పరీక్ష గురించి నువ్వు చెప్పావు చూడు, అది నాకు బాగా నచ్చింది. ఏ గదికి దయ్యాల పేరుందో తెలియనివాళ్లను లోపల కూర్చోబెడితే, ఎక్కువమందికి చలీ, ఎవరో చూస్తున్నట్టు అనుమానమూ కలిగింది సరిగ్గా ఆ పేరుపడ్డ గదుల్లోనే. గది పరిమాణానికీ, వెలుతురుకూ దీనితో సంబంధం ఉందని తేల్చాడు. బ్రేకు వ్యానులో కూర్చున్నవాడికి ఇది కొత్త సంగతి కాదు. దీన్ని మాత్రం నడక చివర చెప్పు, ముందే చెబితే టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడుగుతారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. బర్క్, హేర్ అనే ఇద్దరు హంతకుల కథ. ఆ కుర్రాడు దాన్ని జోకుల్లో కలిపి చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. తిరిగి వచ్చాక నువ్వు పంపిన పుస్తకం మీ నాయనమ్మకు కూడా చదివి వినిపించాను. 1827 చివర్లో హేర్ ఇంట్లో అద్దెకున్న డొనాల్డ్ అనే ముసలాయన జబ్బుతో పోయాడు. హేర్‌కు 4 పౌండ్లు బాకీ. ఇద్దరూ కలిసి శవాన్ని, వైద్య విద్యార్థులకు కోత పాఠాలు చెప్పే డాక్టర్ రాబర్ట్ నాక్స్ దగ్గరకు మోసుకెళితే 7 పౌండ్ల 10 షిల్లింగులు ఇచ్చారు. బాకీ తీరింది, పైన మిగిలింది కూడా. ఇక మనిషి చచ్చేదాకా ఆగడం ఎందుకనుకున్నారు. 1828 అక్టోబరు ఆఖరు లోపల 16 మందిని ఊపిరాడకుండా చేసి చంపి అమ్మారు. అందరూ తాగడానికో, పడుకోవడానికో చోటు వెతుక్కునే పేదవాళ్లే. వాళ్లలో జేమ్స్ విల్సన్ ఒకడు, జేమీ అని పిలిచేవారు. పద్దెనిమిదేళ్ల వాడు, కాళ్లకు చెప్పులు లేకుండా తిరిగే అమాయకుడు, ఊరంతా ఎరిగినవాడు. కోత బల్ల మీద పడుకోబెట్టినప్పుడు విద్యార్థులే వాణ్ణి గుర్తుపట్టారు. నాక్స్ కాదన్నాడు, కోత మొదలుపెట్టాడు.

మీ నాయనమ్మ అంతా విని ఒకటే అడిగింది. “వాళ్లకు కర్మ ఎవరు చేశారురా?”

ఆవిడ ఎందుకు అడిగిందో నీకు తెలుసు. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమలో ఆవిడ పుట్టింటివాళ్లు పోయారు. ఇద్దరి శవాలు దొరకలేదు. దర్భలతో మనిషి ఆకారం చేసి దానికి దహనం చేసి, కృష్ణ ఒడ్డున పిండాలు పెట్టారు. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. పేరూ గోత్రమూ చెప్పి, ఒక్కొక్కరినీ పిలిచి మరీ పెట్టారు. తర్వాత పుష్కరాలు వచ్చినప్పుడల్లా ఆ పేర్లు మళ్లీ పలుకుతూనే ఉంది ఆవిడ. నాక్స్ బల్ల మీద అయిపోయినవాళ్లకు ఇవేవీ లేవు. హేర్ సాక్షిగా మారి బయటపడ్డాడు. నాక్స్ మీద కేసే లేదు. బర్క్‌ను 1829 జనవరి 28న ఉరితీసి, అతన్నీ అలాగే కోసి, అస్థిపంజరాన్ని మీ యూనివర్సిటీ మ్యూజియంలోనే నిలబెట్టారు. చంపినవాడికి అద్దాల బీరువా ఉంది, చచ్చినవాళ్లకు గుంట కూడా లేదు.

అందుకని నిన్ను కోరేది ఇదే. ఈ కథ దగ్గర పరుగెత్తకు. డొనాల్డ్ దగ్గర ఆగు. జేమీ దగ్గర ఇంకాస్త ఎక్కువ సేపు ఆగు. పేర్లు తెలిసినవాళ్లను పేరుతో చెప్పు, తెలియనివాళ్లను ఏం పని చేసుకుని బతికేవాళ్లో అది చెప్పు. 1832లో శవాల కోసం చట్టం తెచ్చి, దిక్కులేకుండా చచ్చినవాళ్లను డాక్టర్లకు ఇవ్వవచ్చన్నారు కదా, అదీ వదిలిపెట్టకు. దొంగతనం ఆగింది కానీ బల్ల ఎక్కేది మళ్లీ పేదవాడే.

నీకు సలహాలిచ్చే ముందు నేనూ ఒకసారి చెప్పి చూడాలి కదా అని, పండక్కి వచ్చిన మీ పిన్ని పిల్లలను మొన్న సాయంత్రం మన వన్‌టౌనులో తిప్పాను. కాళేశ్వరరావు మార్కెట్ నుంచి శివాలయం వీధి మీదుగా కొండ వైపు. కార్తీకమాసం, ఏ గుమ్మం చూసినా దీపాలే. మన పాతబస్తీలో దయ్యానికి నిలబడే చోటు ఎక్కడుంది? సందు సందుకూ గుడి, గుడి పక్కన బజ్జీల బండి, వెనక నుంచి హారను. కథ మధ్యలో రెండుసార్లు మిరపకాయ బజ్జీలు కొనిపించారు.

అక్కన్న మాదన్న గుహలు కనిపించే చోట ఆపి బౌద్ధ పండితుడు భావవివేకుడి కథ ఎత్తుకున్నాను. ఏడో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ రాసిపెట్టిన కథ. మైత్రేయ బుద్ధుడు వచ్చేదాకా బతికుండి, ఆయన్ను చూడాలన్నది ఆ పండితుడి కోరిక. ఏళ్ల తరబడి జపం చేసి, మంత్రించిన ఆవాలతో కొండరాతిని కొట్టాడు. మీ నాయనమ్మ దిష్టి తీసే ఆవాలేనంటే పిల్లలు దగ్గరకు జరిగారు. రాయి తెరుచుకుంది. రండి అని జనాన్ని పిలిచాడు. పాముల పుట్టేమోనని అందరూ వెనక్కి తగ్గారు. ఆరుగురే ఆయన వెంట వెళ్లారు. రాయి మూసుకుంది. హ్యూయన్‌త్సాంగ్ చెప్పిన ఊరు బెజవాడేనని 19వ శతాబ్దంలో రాబర్ట్ స్యూయెల్ వాదించాడు. అమరావతి అనేవాళ్లు అమరావతి అంటారు. నేను ఇంద్రకీలాద్రి వైపు చెయ్యి చూపించాను. వన్‌టౌనువాణ్ణి, ఇంకెటు చూపిస్తాను?

పెద్దది, “లోపల గాలి ఎలా పెదనాన్నా?” అంది. చిన్నవాడు బజ్జీ తినడం ఆపి, “బయట ఉండిపోయినవాళ్లు ఇంటికెళ్లి ఏం చెప్పుంటారు?” అన్నాడు. వాడికి ఏడేళ్లే! నువ్వు సెలవులకు వస్తే వాణ్ణి నీ దగ్గర శిష్యుడిగా పెడతాను.

తిరిగి వస్తూ రథం సెంటరులో మాధవవర్మ కథ కూడా చెప్పాను. చింతచిగురు అమ్ముకునే ఆమె బిడ్డ రాకుమారుడి రథం కింద పడి పోతే, రాజు తన కొడుక్కే మరణశిక్ష వేశాడనీ, ఆ న్యాయానికి అమ్మవారు మెచ్చి ఊరి మీద బంగారం కురిపించిందనీ అంటారు కదా. హేర్ సంగతి చెబుతున్నప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. అక్కడివాళ్లకు నువ్వు ఈ కథ చెబితే ఎలా ఉంటుందో నాకు తెలియదు, బాగుంటే రాయి.

ఇక్కడ అందరం క్షేమం. బ్యారేజీ మీద సాయంత్రం గాలి మొదలైంది. వచ్చే నెల మీ స్నేహితురాలు అటు వస్తోందట, తనతో చెక్కలూ, కందిపొడీ పంపిస్తాను. బరువు ఎంత తేగలదో కనుక్కుని చెప్పు. మొదటి నడక అయ్యాక వెంటనే ఫోను చెయ్యి, జేమీ ముక్క ఎలా చెప్పావో నాకు ఉన్నదున్నట్టు వినిపించాలి.

ఆశీస్సులతో,
నాన్న

మీ అమ్మ రాయమన్నవి: దుర్గమ్మ కుంకుమ పొట్లం ఆ నల్ల అంగీ జేబులో ఎప్పుడూ ఉండాలి. చెవులకు మఫ్లరు కట్టుకోవాలి. నడక అయ్యాక ఇంటికి ఒక్కతివే కాకుండా ఎవరో ఒకరితో కలిసి వెళ్లాలి, చేరగానే మెసేజి పెట్టాలి, మనకు ఎంత అర్ధరాత్రయినా సరే.