లేబర్ కమిషనర్ గారికి ఒక సైట్ ఇంజనీరు బహిరంగ లేఖ

కమిషనర్ గారూ, నమస్కారం.

హైదరాబాద్‌లో టవర్లు కట్టే ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. పేరు చెప్పను, చెబితే రేపటి నుంచి నాకు సైటు ఉండదు. మీవాళ్లు తనిఖీకి వస్తున్నారని మాకు ముందురోజే తెలిసిపోతుంది. ఆ రాత్రే స్టోర్ నుంచి కొత్త హెల్మెట్లు బయటికొస్తాయి, మీ బండి గేటు దాటగానే మళ్లీ లోపలికెళ్తాయి.

పోయిన నెల పద్నాలుగో అంతస్తు సెంట్రింగ్ (స్లాబు పోయడానికి కింద కట్టే చట్రం) మీద ఒక ఒడిశా కుర్రాడు సేఫ్టీ బెల్టు పెట్టుకునే ఉన్నాడు గానీ హుక్కు దేనికీ తగిలించలేదు. ఏంటయ్యా ఇది అంటే, "తగిలించడానికి తాడేది సార్?" అన్నాడు. నిజమే, స్లాబు లేటవుతుందని మేమే తాడు కట్టలేదు. పొద్దున చెప్పే సేఫ్టీ జాగ్రత్తలేమో తెలుగులో, వినేవాళ్లలో సగం మందికి తెలుగు రాదు. త్రుటిలో తప్పిన ప్రమాదాలు రాసే రిజిస్టరు తెల్లగా ఉంది, రాసినవాడికే మెమో ఇస్తే ఎవడు రాస్తాడు?

500 మంది, అంతకు మించి ఉన్నచోట కార్మికుల ప్రతినిధులతో సేఫ్టీ కమిటీ ఉండాలని 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం ఎప్పుడో చెప్పింది. మా కమిటీ కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది, అందులో ఉన్న మేస్త్రికే ఆ సంగతి తెలియదు. 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో 8 మంది చిక్కుకుపోయినప్పుడు అందరూ సేఫ్టీ మాటే ఎత్తారు, తర్వాత షరా మామూలే.

ఒక్కసారి చెప్పకుండా రండి సార్, స్లాబు పోసే రాత్రి. ఆఫీసులో టీ తాగకుండా తిన్నగా పైకెక్కి హుక్కులు చూడండి. ఫైన్ మాత్రం కూలీకి వద్దు, ప్రాజెక్ట్ మేనేజర్‌కి వేయండి.