రంపం తినే నూలు

కువైట్,
శుక్రవారం పొద్దున

చిన్నోడా,

ఆశీస్సులు. ఈడ నేను బాగుండాను. అమ్మ, నాయన, జేజి, మరదలు, పాప అందరూ బాగుండారని తలుస్తాను. పని మామూలే, ఎండా మామూలే. అమ్మ పంపిన చెనిక్కాయల కారం డబ్బా అడుక్కొచ్చింది. చెంచాతో గీకి, అన్నంలోకి కొంచెం కొంచెం వేసుకుంటాండా.

ఫోనులోనే చెప్పొచ్చు గానీ అంకెలు నోటిమాటగా చెప్తే సగం గాలికి పోతాయి. పైగా నువ్వు స్పీకరు పెడతావు, నాయన వింటాడు, మళ్ళీ ఇద్దరికీ మొదలవుతాది. అందుకే కాగితం మీద పెడతాండా. ఫోటో తీసి కంప్యూటర్ పక్కన అంటించుకో.

షీట్లను తుక్కు తక్కువయ్యేట్టు ఎట్లా కోయాల్నో లెక్కేసే ఆ సాఫ్ట్‌వేర్‌లో నువ్వేసి పంపిన కటింగ్ లిస్టు చూసినా. బీరువాల పక్క పలకలు 2100 × 600 సైజువి 10. సాఫ్ట్‌వేర్ వాటికే 10 షీట్లు చూపించిందని, షీటుకు రెండు రావాల్సిన చోట ఒకటే పెట్టిందని, ఇదంతా మోసమని నాయన అరిచినాడని అమ్మ చెప్పింది. మోసం కాదు, నువ్వు చెప్పిందే అది చేసింది. సెట్టింగుల్లో ట్రిమ్, అంటే షీటు అంచుల్లో కోసి తీసేసేది, నాలుగు పక్కలా 10 మి.మీ. పెట్టినావు. షీటు వెడల్పు 1220. రెండు పక్కలా 10 పోతే మిగిలేది 1200. రెండు 600లు, నడుమ రంపం తినే 3.2 కలిపితే 1203.2. ఆ మూడు మిల్లీమీటర్ల కోసం సగం షీటు పక్కన పడేసింది.

ట్రిమ్ 5కు తగ్గిస్తే పడతాది, కానీ తగ్గించొద్దు. షీటు మూలలు లారీ ఎక్కి దిగేటప్పుడే దెబ్బ తింటాయి. అసలు మందు వేరే ఉంది. ఆ పలకల ముందు అంచుకు 2 మి.మీ. ఎడ్జ్ బ్యాండు, అదే అంచుకు అంటించే పట్టీ, వేస్తావు గదా? అది లిస్టులో టిక్కు పెట్టలేదు. పెట్టి, ‘బ్యాండు మందం తగ్గించు’ అనేది ఆన్ చేస్తే 600 కాస్తా 598 అవుతాది. రెండు 598లు, ఒక 3.2 కలిస్తే 1199.2. 1200లో సరిగ్గా కూర్చుంటాది. 10 షీట్లు 5 అవుతాయి. ఒకటే చూసుకో: కొన్నిట్లో ట్రిమ్ కోతకు రంపం మందం ట్రిమ్‌లోనే కలిసి ఉంటాది, కొన్నిట్లో దానిమీద మళ్ళీ తీస్తాది. మళ్ళీ తీసేదైతే నీకు పట్టదు. అప్పుడు వేరే దారి లేదు, ట్రిమ్ 6 పెట్టు. బ్యాండు మందం రెండుసార్లు తీసేయకుండా కూడా చూసుకో. డిజైన్ గీసిన పిల్లోడు ముందే తగ్గించి పంపి ఉంటే ఇక్కడ ఆపేయ్, లేకుంటే బీరువా బిగించేటప్పుడు ప్రతి జాయింటులో సందు కనపడతాది. ప్రీమిల్లింగ్ అనే గడి ఉంటాది, బ్యాండు అంటించే ముందు అంచును కొంచెం చెక్కేది, మన దగ్గర ఆ మెషీను లేదు కాబట్టి సున్నా పెట్టు.

ఎవరైనా ‘రెండడుగుల లోతు కావాల’ అంటే ఒప్పుకోవద్దు. రెండడుగులు అంటే 609.6. రెండు కలిపితేనే 1219.2, రంపానికి చోటే లేదు. 23 అంగుళాలు అని ముందే మాట్లాడుకో. బట్టల హ్యాంగరుకు అది చాలు.

ఇప్పుడు రంపం సంగతి. రంపం మందం వేసే గడిలో ఎప్పుడూ సున్నా పెట్టొద్దు. సున్నా ఉండి, ట్రిమ్ కూడా లేకుంటే 2440 పొడవులో 610 ముక్కలు నాలుగు వస్తాయని చెప్తాది. కోసేది మూడు చోట్ల, పోయేది 9.6. నాలుగో ముక్క 600 మీద తేలతాది, కస్టమరు టేపు పెడతాడు. మన చిన్నప్పుడు నాయన ‘గీతకు బయటనే కోయి, గీత నాది, పొట్టు రంపానిది’ అనేవాడు గుర్తుందా? ఇంగ్లీషులో కెర్ఫ్ అంటాండేది దాన్నే. అంగుళానికి 8 నూళ్ళు, ఒక నూలు 3.175. ప్యానల్ సా, అంటే మన షీట్లు కోసే మెషీను, దాని బ్లేడు తినేది దాదాపు ఒక నూలే. నాయనకు తెలియనిది ఏమీ లేదు ఇందులో.

బ్లేడు డబ్బా మీద రాసిన మందం నమ్మొద్దు, కొలుచుకో. ఒక పనికిరాని పట్టీ తీసుకో, 500 మి.మీ. సరిగ్గా కొలిచి పెట్టుకో. దాన్ని 10 చోట్ల కోయి, 11 ముక్కలొస్తాయి. అన్నీ విడివిడిగా కొలిచి కూడు. 468 వచ్చిందంటే 32 పోయింది, కోతకు 3.2. బ్లేడు కొంచెం ఊగుతాంటే లెక్క ఎక్కువ వస్తాది, అదే నిజమైన లెక్క. బ్లేడు మార్చినప్పుడల్లా ఇది చెయ్యాల.

ఇంకోటి. నీ మెషీను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మాత్రమే కోస్తాది, నడుమలో ఆగి తిరగదు. సెట్టింగుల్లో గిలటిన్ అని ఉంటాది, అది పెట్టు. లేకుంటే మొజాయిక్ మాదిరి అందంగా పేర్చి చూపిస్తాది, తుక్కు తక్కువని సంతోషపడతావు, మెషీను దగ్గరికి పోయినాక మొదటి కోత యాడ వెయ్యాలో తెలియదు. ఆ పేర్పు సీఎన్‌సీ రౌటర్లకు, అంటే కంప్యూటర్ నడిపితే ఎటంటే అటు తిరిగి కోసే మెషీన్లకు. మొదటి కోత పొడవు దిక్కున, స్టేజీలు, అంటే కోత దిక్కు మార్చే విడతలు, మూడుకు మించనీయొద్దు. ఒక శాతం మిగలడానికి షీటును పదిసార్లు తిప్పితే కూలీ పోతాది, చేతులు పోతాయి.

చేతులంటే గుర్తొచ్చింది. బ్లేడు మీద గార్డు పెట్టినావా? అమ్మ చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన షీటు) కోసేటప్పుడు నాయనను షెడ్డులో కూర్చోనీయొద్దు, ఆ పొడి చాలా సన్నం, ఊపిరితిత్తుల్లోకి పోతాది. దగ్గు తగ్గిందా లేదా అనేది నాకు సరిగా రాయి. ‘కొంచెం’ అని రాయొద్దు.

చెక్క మీద కనపడే గీతల దిక్కు దగ్గర అందరూ తప్పు చేసేది ఒకటుంది. మొదటి గడి పొడవు అనుకొని పెద్ద కొలత వేస్తారు. ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి మొదటి గడి అంటే గీతల వెంబడి కొలత. సొరుగు ముఖం 450 వెడల్పు, 200 ఎత్తు, గీతలు నిలువుగా రావాలంటే మొదట 200 వెయ్యాల, తర్వాత 450. తిప్పొద్దు అని కూడా పెట్టాల. వెనకాల వేసే 6 మి.మీ. ప్లైకి, గీతల్లేని తెల్ల అరలకు మాత్రం తిప్పుకోనీ, కలిసొస్తాది. మెటీరియల్ పేర్లు అక్షరం తేడా లేకుండా ఉండాల. ‘ప్లై 18’, ‘18 ప్లై’ దానికి రెండు వేరే సరుకులు, రెండిటికీ వేర్వేరుగా షీటు తెరుస్తాది.

బావ గ్రిల్ షాపుకు కూడా అదే వాడుకోవచ్చు. పైపులు, బార్లు కోసే లెక్కలో స్టాకు పొడవు, అంటే కొనే పైపు పొడవు, ముఖ్యం. ఇరవై అడుగుల పైపు అంటే 6096. ఆరు మీటర్లది అంటే 6000. 1500 ముక్కలు మొదటిదాంట్లో నాలుగొస్తాయి, రెండోదాంట్లో మూడే. బండి దిగినాక టేపు పెట్టి చూడమను. పైపుల చివర్లు సొట్టలు పడి ఉంటాయి, రెండు పక్కలా 10 పెట్టమను. కట్టర్ బిగింపుకు అందని తోక ముక్క ఎంతో ఆయన మెషీను దగ్గర కొలిచి, అది కూడా వెయ్యాల. 45 డిగ్రీల కోత అయితే 3.2 కాస్తా పొడవు మీద 4.5 అవుతాది. కొలత ఎప్పుడూ బయటి మూల నుంచి బయటి మూలకు రాయాల. 5.3 అని కొట్టొద్దని గట్టిగా చెప్పు. ఆయనకు అది ఐదడుగుల మూడంగుళాలు, 1600. కంప్యూటర్‌కు 5.3 అడుగులు, 1615. కిటికీకి అర అంగుళం పైనే తేడా. అన్నీ మిల్లీమీటర్లలోనే.

మిగిలిన ముక్కల్లో ఎంత సైజు పైన దాచాలో కూడా అడుగుతాది. 600 × 300 పెట్టు. ప్రతి ముక్కకూ సుద్దతో నంబరు రాసి, గోడకు నిలబెట్టి, స్టాకులో ఎక్కించి, ముందు వాటినే వాడేట్టు పెట్టు. నాయన ఎవరో అడిగినారని ఒక ముక్క ఇచ్చేస్తాడు, ఆ సంగతి నీ లిస్టుకు తెలియదు, సాఫ్ట్‌వేర్ లేని ముక్కలో కోత వేస్తాది. ఇయ్యొద్దనద్దు. నంబరు ఏదో ఒక నోటు పుస్తకంలో రాయమను. ఆయన రాత బాగుంటాది.

‘కంప్యూటర్ కోస్తాదా’ అని నాయన అంటే ఇది చెప్పు: లెనిన్‌గ్రాడ్‌లో కాంటరోవిచ్ అనే లెక్కలాయన ప్లైవుడ్ ట్రస్టు వాళ్ళడిగిన లెక్కతో మొదలుపెట్టి, తుక్కు తగ్గేట్టు ఎట్లా కోయాల్నో కూడా 1939లో పుస్తకంలో వేసినాడు. 1975లో నోబెల్ ఇచ్చినారు. వడ్రంగి పనికి నోబెల్ అని చెప్పు, నవ్వుతాడు.

డబ్బులు పదో తారీకు వేస్తాను. అప్పు గురించి నాతో దాచొద్దు, నేను కోప్పడను. పోయినసారి కోప్పడింది నువ్వు దాచినందుకు. రథసప్తమికి దేవుని కడప తేరుకు జేజిని ఆటోలో తీసుకుపో, నడిపించొద్దు. సెలవు సంగతి అమ్మ అడిగితే ఇంకా ఖాయం కాలేదని చెప్పు.

పట్టీ కోసి కొలిచి, రంపం ఎంత తింటాందో అంకె రాయి. నాయనతోనే కొలిపించు.

మీ అన్న